ఎనభై ఏడో వంతు లోకం

ఓడ దిగి ఊరు తిరగడానికి తొమ్మిది గంటలే ఉంటే, అందులో మూడున్నర గంటలు బొమ్మ రైళ్ళకి ఇచ్చెయ్యడం తెలివైన పనేనా? హాంబర్గ్‌లో ఆగే క్రూజ్ ప్రయాణికుల్లో చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఒకపక్క అసలు నగరం ఉంది: రేవు, చర్చి శిఖరాలు, కాలవలు, వంతెనలు. ఇంకోపక్క అదే నగరంలో ఓ పాత గిడ్డంగిలో మినియాటూర్ వుండర్‌లాండ్ ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వేగా గిన్నిస్ గుర్తింపు ఉన్న చోటు. 2001 ఆగస్టు 16న తలుపులు తెరిచిన దగ్గర్నుంచి 2 కోట్ల మందికి పైగా వచ్చి చూశారు. జర్మనీ పర్యాటక సంస్థ విదేశీ ప్రయాణికులని అడిగి చేసే సర్వేల్లో రాజకోటల్నీ కెథీడ్రళ్ళనీ దాటేసి మొదటి స్థానంలో నిలిచిన సందర్భాలున్నాయి.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర నా ప్లాన్ చెప్తే, మా టేబుల్లో కూర్చునే విశాఖ పెద్దాయన, రిటైరైన ఇంజినీరు, చెంచా పక్కన పెట్టి "ఇంత ఖర్చుపెట్టుకుని ఇంతదూరం వచ్చి బొమ్మ రైళ్ళేంటమ్మా? వెంట పిల్లలున్నారా?" అన్నారు. "లేరండీ, నాకోసమే" అన్నాను. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అసలు కళ్ళముందే ఉండగా నకలు ఎందుకు చూడాలి? కళల గురించి మాట్లాడుకునేవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న అది. నవల ఎందుకు చదవాలి అన్నా, సినిమా ఎందుకు చూడాలి అన్నా చివరికి అడుగుతున్నది అదే కదా. అందుకని వుండర్‌లాండ్‌ని కూడా ఒక రచనలాగే చదివి చూద్దాం. అది ఏం చెప్తోంది, ఎలా చెప్తోంది, ఏం చెప్పకుండా దాటేస్తోంది?

* * *

ముందు కొలతలు. ఇక్కడ అన్నీ 1:87 నిష్పత్తిలో ఉంటాయి. మోడల్ రైళ్ళ అభిమానులు ఎక్కువగా వాడే స్కేల్ ఇది. 174 సెంటీమీటర్ల మనిషి ఇందులో సరిగ్గా 2 సెంటీమీటర్లు, అంటే చింతగింజ కంటే కాస్త పొడుగు. అలాంటి మనుషులు రెండున్నర లక్షలకి పైగా ఉన్నారు. వెయ్యికి పైగా రైళ్ళు. పట్టాలన్నీ కలిపి 16 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని 87తో హెచ్చవేస్తే దాదాపు 1,400 కిలోమీటర్లు వస్తుంది. సికింద్రాబాద్‌లో ఢిల్లీ రైలెక్కి గ్వాలియర్ దాటినంత దూరం.

దీని వెనక ఉన్నది ఫ్రెడరిక్ బ్రౌన్, గెరిట్ బ్రౌన్ అనే కవల సోదరులు. 2000 వేసవిలో జ్యూరిక్‌లో ఒక మోడల్ రైళ్ళ దుకాణం చూసిన ఫ్రెడరిక్‌కి చిన్నప్పటి కోరిక తిరగబెట్టింది. వెంటనే గెరిట్‌కి ఫోన్ చేసి, ప్రపంచంలోనే పెద్ద మోడల్ రైల్వే కడదాం అన్నాడట. ఏడాది తిరిగేసరికి మొదటి విభాగాలు తయారైపోయాయి. ఈ కథ అందరూ చెప్పుకునేదే. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించిన విషయం వేరే ఉంది. అప్పటికి ఈ అన్నదమ్ములు హాంబర్గ్‌లో నైట్‌క్లబ్ నడుపుతున్నారు.

ఈ ఒక్క సంగతి తెలిశాక వుండర్‌లాండ్ కొత్తగా కనిపిస్తుంది. మోడల్ రైల్వే అనగానే మనకి తోచేది గ్యారేజీలోనో అటక మీదో ఒంటరిగా కూర్చుని ఇంజన్లు తుడుచుకునే పెద్దమనిషి. అతనికి కావాల్సింది ఖచ్చితత్వం. ఏ సంవత్సరం ఏ ఇంజన్‌కి ఏ రంగు వేశారో అతనికి ప్రాణం. నైట్‌క్లబ్ నడిపినవాడికి తెలిసినవి వేరు. వెలుతురు ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు పెంచాలి, జనం ఎక్కడ ఆగుతారు, ఎక్కడ విసుగెత్తి కదులుతారు, వాళ్ళని మళ్ళీ ఎలా లాగాలి. వుండర్‌లాండ్‌లో రైళ్ళు నిజానికి సహాయ పాత్రలు. కథానాయిక వెలుతురు.

* * *

వెలుతురు గురించే చెప్పాలి. ఇక్కడ ప్రతి 15 నిమిషాలకీ ఒక రోజు గడిచిపోతుంది. పైకప్పు దీపాలు నెమ్మదిగా నారింజ రంగుకి, తర్వాత నీలానికి తిరుగుతాయి. హాలంతా చీకటి పడుతుంది. అప్పుడు కింద, బొమ్మల ఊళ్ళలో, ఒక్కొక్క కిటికీలో దీపం వెలగడం మొదలవుతుంది. వేలకొద్దీ కిటికీలు. జనంలో మాటలు తగ్గిపోతాయి. నేను వెళ్ళిన పూట దాదాపు డజను సార్లు పొద్దుగూకింది. డజను సార్లూ పిల్లలూ పెద్దలూ అందరూ అదే సమయానికి గొంతు తగ్గించారు. ఎవరూ చెప్పలేదు, ఏ బోర్డూ లేదు. సందెవేళ మనుషులకి సహజంగా వచ్చే మౌనం అది. పైకప్పు కింద, కరెంటు దీపాలతో కూడా వస్తుందని అక్కడే తెలిసింది.

చిన్న లెక్క చేద్దాం. 24 గంటలని 15 నిమిషాలు చేస్తే కాలం 96 వంతులు కుదించుకుపోయినట్టు. స్థలం 87 వంతులు, కాలం 96 వంతులు. రెండూ ఇంచుమించు ఒకటే! కావాలని పెట్టారో, జనం ఓపికకి సరిపోయే కొలత వెతికితే అక్కడికి తేలిందో గానీ, ఈ లోకం నమ్మదగ్గట్టు ఉండటానికి ఇదొక కారణం అనుకుంటాను. మామూలు మోడల్ రైల్వేలో స్థలం మాత్రమే చిన్నదవుతుంది. కాలం మనదే, గోడ మీద గడియారం చూపించేదే. అందుకే కాసేపటికి అది బొమ్మగానే మిగిలిపోతుంది. ఇక్కడ కాలం కూడా చిన్నదైపోయింది. మీరు కాఫీ తాగి వచ్చేసరికి అక్కడ ఒక రాత్రి గడిచి తెల్లవారిపోయి ఉంటుంది. నా మూడున్నర గంటలు వాళ్ళకి పద్నాలుగు రోజులు.

క్రూజ్ ప్రయాణం కూడా కాలాన్ని కుదించేదే. వారంలో ఐదారు రేవులు, ఒక్కోదానికి ఒక్కో పగలు. ఏ ఊళ్ళోనూ రాత్రి ఉండదు. మూసేసిన దుకాణాలూ, ఆఖరి బస్సు కోసం పరిగెత్తే మనుషులూ, పొద్దున్నే రోడ్డు ఊడ్చేవాళ్ళూ కనబడరు. సాయంత్రం ఆరింటికి ఊరు మనకి వీడ్కోలు చెప్పేస్తుంది. హాంబర్గ్‌కి రాత్రి పడటం నేను చూసింది వుండర్‌లాండ్‌లో మాత్రమే. ఆ రాత్రి నకలు రాత్రే కావచ్చు, కానీ అసలు రాత్రి నా టికెట్‌లో లేదు. విశాఖ పెద్దాయన ప్రశ్నకి ఇది సగం జవాబు. అసలు, నకలు అని మనం గీసుకున్న గీత ప్రయాణికుల విషయంలో అంత తిన్నగా ఉండదు. తొమ్మిది గంటల్లో మనకి దొరికే హాంబర్గ్ కూడా ఒక కుదింపే. ఆ కుదింపు చేసింది షిప్పింగ్ టైమ్‌టేబుల్. ఇక్కడ కుదింపు చేసినవాళ్ళు మనం ఏం చూడాలో కొన్నేళ్ళు కూర్చుని ఆలోచించారు.

* * *

చిన్న నమూనాలు మనల్ని ఎందుకు ఆకట్టుకుంటాయి అన్నదానికి ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్ 1962లో ఒక వివరణ ఇచ్చాడు. మామూలుగా ఏ వస్తువునైనా మనం ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటూ చివరికి మొత్తాన్ని పట్టుకుంటాం. నమూనా దీన్ని తిరగేస్తుంది. చిన్నది కాబట్టి మొత్తం ఒక్కసారే కంటికి ఆనుతుంది, భాగాలు తర్వాత. మొత్తం మన గుప్పిట్లో ఉందన్న భావనే అందులో ఉన్న సుఖం అని ఆయన వాదన.

బొమ్మల కొలువుకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. గుమ్మంలో నిలబడగానే మెట్లన్నీ ఒకేసారి కనబడతాయి. పైన దేవుళ్ళు, కింద పెళ్ళి బృందం, అంతకంటే కింద కూరగాయలమ్మే ఆవిడ. ఎవరెక్కడ ఉండాలో లోకం క్రమం తెలిసిపోతుంది. ఆ తర్వాత దగ్గరికెళ్ళి ఒక్కో బొమ్మా చూస్తాం.

వుండర్‌లాండ్ దగ్గరికొచ్చేసరికి లెవీ-స్ట్రాస్ సూత్రం పని చెయ్యదు. 1,500 చదరపు మీటర్లు దాటిన నమూనాని ఎక్కడ నిలబడి చూసినా మొత్తం కనబడదు. కొండ వెనక ఏముందో చూడాలంటే చుట్టూ నడవాలి. సొరంగంలోకి పోయిన రైలు ఎక్కడ తేలుతుందో తెలీదు. మొత్తం చూడాలన్న ఆశ మొదటి పావుగంటలోనే వదులుకోవాల్సి వస్తుంది. వదులుకున్నాక మాత్రం అసలు చూపు మొదలవుతుంది. వంగి, రెయిలింగ్ మీద చేతులు పెట్టుకుని, ఒక మూరెడు నేల మీదకి దిగిపోతాం. తోటలో ఒక ప్రేమజంట. మంట ఆర్పుతున్నవాళ్ళని వంతెన మీంచి చూస్తున్న పనిలేని మనుషులు. పొలంగట్టు మీద సైకిల్ ఆపుకున్న ఒకడు, వాడు అక్కడెందుకు ఆగాడో ఎవరికీ తెలీదు. రైలు చూడమని పిలిచి, మనుషుల్ని చూపించి పంపిస్తారు.

నాకు ఇది నవల చదవడానికి దగ్గరగా అనిపించింది. మంచి నవల కూడా మొత్తం ఒక్కసారే చేతికివ్వదు. ఒక వీధి చూపిస్తుంది, ఒక కిటికీ చూపిస్తుంది, కనబడని మిగతా ఊరు కూడా అంతే నిండుగా ఉంటుందని నమ్మకం కలిగిస్తుంది. వుండర్‌లాండ్‌లో ఎవరూ చూడని మూలల్లో కూడా ఎవరో కూర్చుని ఒక బొమ్మ పెట్టారన్న నమ్మకమే దాని బలం. అది అంకెల్లోకి ఎక్కే బలం కాదు. గిన్నిస్ వాళ్ళు పట్టాల పొడవు కొలవగలరు గానీ, ఒక మూలలో సైకిల్ ఆపుకున్నవాణ్ణి పెట్టిన శ్రద్ధకి కొలత ఎక్కడుంది?

* * *

ఇంద్రజాలికుడు తన కిటుకు దాచుకుంటాడు. వుండర్‌లాండ్ దాచుకోదు. రైళ్ళనీ కార్లనీ దీపాలనీ నడిపించే కంట్రోల్ రూం హాల్లోనే, అందరికీ కనబడేలా ఉంది. వరసగా పేర్చిన మానిటర్ల ముందు మనుషులు కూర్చుని ఉంటారు. ఎక్కడో రైలు పట్టా తప్పితే ఒకాయన లేచి వెళ్ళి సర్దివస్తాడు. బొమ్మల నగరం మీద హఠాత్తుగా మేఘం మందాన ఒక చెయ్యి కనబడుతుంది! పిల్లలు కేరింతలు కొడతారు. భ్రమ చెదరదు, ఇంకా బలపడుతుంది.

2011 మేలో తెరిచిన విమానాశ్రయం ఇందుకు గొప్ప ఉదాహరణ. ఊరి పేరు క్నుఫింగెన్, మ్యాప్‌లో ఎక్కడా లేని ఊరు. విమానాశ్రయానికి మాత్రం హాంబర్గ్ విమానాశ్రయమే ఆధారం. ఆరేళ్ళు పట్టింది, 35 లక్షల యూరోలయ్యాయి. నలభైకి పైగా విమానాలు గేటు నుంచి వెనక్కి కదిలి, వరసలో నిలబడి, రన్‌వే మీద వేగం అందుకుని, ముక్కు పైకెత్తి లేస్తాయి. లేచిన విమానం కింద దాన్ని మోస్తున్న సన్నటి కడ్డీలు జాగ్రత్తగా చూస్తే కనబడతాయి. విమానం గోడలోకి వెళ్ళి మాయమైపోతుంది. కడ్డీలు కనబడ్డాయని ఎవరూ పెదవి విరవరు. తోలుబొమ్మలాటలో పుల్లలు కనబడటం లేదా? పుల్లలు కనిపిస్తుండగానే సీతమ్మ ఏడిస్తే మనకి కళ్ళు చెమర్చడం లేదా? నమ్మించడానికి దాచక్కర్లేదని జానపద కళాకారులకి ఎప్పట్నుంచో తెలుసు. కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి చూసి మనమే మర్చిపోయాం.

వుండర్‌లాండ్ తన ఊరితో పరాచికాలాడిన కథ కూడా ఒకటుంది. హాంబర్గ్ రేవు ఒడ్డున కెరటాల్లాంటి గాజు కప్పుతో ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే సంగీతశాల ఉంది. 2007లో పని మొదలుపెట్టి 2010కి పూర్తిచేస్తామన్నారు. అది ఏటికేడు జరుగుతూ పోయింది. 7.7 కోట్ల యూరోల ప్రజాధనం అని మొదలైంది చివరికి 78.9 కోట్లకి చేరింది. ఊరంతా తిట్టుకుంటూ ఉండగా, 2013 నవంబరులో వుండర్‌లాండ్ వాళ్ళు తమ ఎల్బ్‌ఫిల్‌హార్మొనీని ప్రారంభించేశారు. భవనం మధ్యకి విచ్చుకుంటుంది, లోపల వాద్యబృందం కనబడుతుంది. అసలు సంగీతశాలలో మొదటి కచేరీ జరిగింది 2017 జనవరి 11న. నకలు అసలుకి మూడేళ్ళు ముందొచ్చింది! పన్నులు కట్టిన పౌరులకి ఆ మూడేళ్ళూ కచేరీ చూడ్డానికి దొరికింది ఆ బొమ్మశాలే. ఎన్ని సంపాదకీయాలు రాసినా ఇంత సూటిగా ఎవరైనా వెక్కిరించగలరా?

* * *

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన సంగతికి వస్తాను. హాల్లోంచి బయటికొచ్చాక కూడా వదలని సంగతి.

మధ్య జర్మనీ, ఆస్ట్రియా, హాంబర్గ్, అమెరికా, స్కాండినేవియా, స్విట్జర్లాండ్, ఇటలీ, వెనిస్. 2021లో రియో డి జనీరో, ఆ తర్వాత పటగోనియా, 2024లో మొనాకో. ఇవీ ఇప్పటివరకూ తెరిచిన ముఖ్య విభాగాలు. ఆసియా లేదు. ఆఫ్రికా లేదు. ప్రపంచంలో నలుగురిలో ముగ్గురు బతికే ఖండాలు లేకుండానే లోకం ఇది అనిపిస్తుంది. "వాళ్ళ బొమ్మలు, వాళ్ళిష్టం" అనొచ్చు. ఎవరి కొలువులో ఎవరి బొమ్మలుంటాయో వాళ్ళిష్టమే. కానీ ఈ బొమ్మలున్న ఇల్లు ఎవరిది?

ఆ ఇంటి పేరు స్పైషర్‌ష్టాట్, అంటే గిడ్డంగుల నగరం. ఎర్ర ఇటుకల భవనాలు బారులు తీరి, మధ్యలో కాలవలు, నేలలోకి దింపిన దుంగల పునాదుల మీద నిలబడి ఉంటాయి. 1883లో కట్టడం మొదలుపెట్టారు. 1888లో హాంబర్గ్ జర్మన్ సామ్రాజ్యపు సుంకాల వ్యవస్థలో చేరింది. చేరినా, రేవులో కొంత భాగాన్ని సుంకం లేని ప్రాంతంగా ఉంచుకోడానికి ఒప్పందం చేసుకుంది. సరుకు దించి, నిలవ చేసి, శుద్ధి చేసి, మళ్ళీ ఎగుమతి చేసుకోడానికి ఈ గిడ్డంగులు. వీటికోసం ఆ చోట ఉన్న పాత పేటలు నేలమట్టం చేశారు. దాదాపు 20 వేల మంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. వుండర్‌లాండ్ ఉన్న వీధి పేరు కేర్‌వీడర్. కూల్చేసిన పేటల్లో ఒకదాని పేరు కూడా అదే. మనుషులు పోయారు, పేరు మిగిలింది.

ఇక గిడ్డంగుల్లోకి వచ్చిన సరుకేమిటి? కాఫీ, తేయాకు, కోకో, మిరియాల్లాంటి సుగంధద్రవ్యాలు, తివాచీలు. ఎక్కడ్నుంచి? ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి. భవనాల నుదుటి మీద, పైకప్పు కింద, బస్తాలు పైకి లాగడానికి పెట్టిన కప్పీలు ఇప్పటికీ ఉన్నాయి. కింద కాలవలో పడవ ఆగితే, బస్తా గాల్లో ఊగుతూ అంతస్తు తలుపులోంచి లోపలికి వెళ్ళేది. అంటే వందేళ్ళకి పైగా ఈ గదుల్లోకి ప్రపంచం బస్తాల్లో వచ్చింది. కంటైనర్లు వచ్చాక ఆ పని ఆగింది. 2003లో సుంకం లేని ప్రాంతం నుంచి దీన్ని తప్పించారు, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇప్పుడు అవే గదుల్లోకి ప్రపంచం బొమ్మలుగా వస్తోంది. బస్తాలు పంపిన దేశాల్లో చాలా వాటికి మాత్రం బొమ్మల్లో చోటు దొరకలేదు.

దీన్ని ఎవరో కుట్ర పన్ని చేశారనడం లేదు. తమకి తెలిసిన దగ్గర్నుంచి మొదలుపెట్టారు: సొంత దేశం, పక్క దేశం, సెలవులకి వెళ్ళే దేశాలు. వరస చూస్తే అది ఒక జర్మన్ మధ్యతరగతి కుటుంబపు సెలవుల ఆల్బమ్‌లాగే ఉంటుంది. మంచు కొండలు, ఇటలీ, లాస్ వెగాస్, గ్రాండ్ కాన్యన్. ఐరోపా సెలవుపటం దాటి వాళ్ళు వేసిన మొదటి పెద్ద అడుగు దక్షిణ అమెరికా. అక్కడ వాళ్ళు చేసిన పద్ధతి నాకు నచ్చింది. బ్యూనస్ ఐరిస్‌లో మోడళ్ళు చేసే ఒక కుటుంబంతో కలిసి పనిచేశారు. దూరం నుంచి ఊహించి చెయ్యకుండా ఆ ఖండంలో ఉన్నవాళ్ళ చేతులతో చేయించారు. ఆ విభాగం కోసం కాలవ మీదుగా వంతెన వేసి అవతలి గిడ్డంగిలోకి విస్తరించారు. దారి ఎలా ఉండాలో వాళ్ళకి తెలిసినట్టే. ఆ దారి తూర్పుకి ఎప్పుడు తిరుగుతుందా అని చూడటం మన హక్కు.

రెండో ఇబ్బంది ఇంకొంచెం సూక్ష్మమైనది. క్నుఫింగెన్‌లో రోజూ ఎక్కడో ఒకచోట మంటలు లేస్తాయి. సైరన్లు మోగుతాయి, వీధుల్లో నీలి దీపాలు వెలిగించుకుని అగ్నిమాపక బండ్లు పరిగెత్తుతాయి, దారిలో ఉన్న కార్లు తప్పుకుంటాయి. కాసేపటికి మంట ఆరిపోతుంది. ప్రతిసారీ ఆరిపోతుంది. ఇటలీలో వెసూవియస్ పొగలు కక్కుతూ లావా పారిస్తుంది, కాసేపటికి చల్లారుతుంది. ఎవరూ చావరు. ఎవరి ఇల్లూ శాశ్వతంగా పోదు. ఏ ఊళ్ళో బండ్లు నిజంగా రావు, ఏ మంటలు ఆరవు అన్నది ఈ లోకంలో ప్రశ్నే కాదు. ఈ హాంబర్గ్ 1943 జులైలో బాంబు దాడుల్లో కాలిపోయిన ఊరు. ఈ గిడ్డంగుల్లో కూడా దాదాపు సగం ఆ యుద్ధంలో దెబ్బతిన్నాయి. ఆ నేల మీద నిలబడి ప్రతిసారీ ఆరిపోయే మంటని చూస్తుంటే నవ్వు మధ్యలో ఆగిపోతుంది.

అలాగని వీళ్ళకి చరిత్ర పట్టదని అనలేం. బెర్లిన్ గోడ నగరాన్ని ఎలా చీల్చిందో వరస నమూనాల్లో చూపించిన పని కూడా వీళ్ళదే. 2009 ఎన్నికల ముందు రాజకీయ పార్టీలకి తలా ఒక చదరపు మీటరు ఇచ్చి, మీ ఆదర్శ లోకం కట్టి చూపించమన్నారు. నాయకుల వాగ్దానాన్ని చదరపు మీటరులో పట్టించమనడం ఎంత పదునైన విమర్శో చూడండి. రోడ్డు గీస్తే ఇల్లు పోతుంది, ఇల్లు పెడితే చెట్టు పోతుంది. మాటల్లో అన్నీ పడతాయి. నమూనాలో పట్టవు. ఇంత పదును ఉన్నవాళ్ళు కాబట్టే వాళ్ళ దగ్గర ఇంకా ఆశిస్తాం.

* * *

ఓడ సంగతి మళ్ళీ ఒకసారి. అమెరికన్ రచయిత్రి సూసన్ స్టూవర్ట్ 1984లో సూక్ష్మమైనవీ బృహత్తరమైనవీ రెండూ మన కోరికల్ని ఎలా మలుస్తాయో ఒకే పుస్తకంలో పరిశీలించింది. క్రూజ్ మజిలీలో ఆ రెండూ ఒకే రోజున ఎదురవుతాయి. మూడు వందల మీటర్ల ఓడ సముద్రం వదిలి ఎల్బ నదిలో సుమారు వంద కిలోమీటర్లు లోపలికొస్తుంది. పక్కనున్న ఇళ్ళన్నీ దాని ముందు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. పన్నెండో డెక్ మీద కాఫీ కప్పు పట్టుకుని చూస్తుంటే కింద ఒడ్డున కుక్కని నడిపిస్తున్న మనిషి రెండు సెంటీమీటర్లు. అతని ముఖం కనబడదు. కనబడాలన్న కోరికా పుట్టదు. ఓడ మనల్ని పెద్దవాళ్ళని చేసి లోకాన్ని బొమ్మ చేస్తుంది.

వుండర్‌లాండ్ బొమ్మనే చూపిస్తుంది, కానీ పని తిరగేసి చేస్తుంది. రెండు సెంటీమీటర్ల మనిషి దగ్గరికి మనం వంగాలి. వాడెవడు, ఎక్కడికి పోతున్నాడు అని అడుక్కుంటాం. డెక్ మీంచి చూసిన మనిషి గురించి పుట్టని కుతూహలం ప్లాస్టిక్ మనిషి గురించి పుడుతుంది! చిన్నతనం రెండు చోట్లా ఒకటే. తేడా ఎత్తులో ఉంది, ఎంతసేపు నిలబడ్డాం అన్నదాంట్లో ఉంది. పెద్దాయన ప్రశ్నకి మిగతా సగం జవాబు ఇదే అనుకుంటాను. నకలు చూస్తే అసలు తగ్గిపోదు. మంచి నకలు అసలుని చూసే ఓపిక నేర్పుతుంది. నేర్పకపోతే మాత్రం అది ఎంత పెద్దదైనా బొమ్మల దుకాణమే.

వెళ్ళబోయేవాళ్ళకి రెండు మాటలు. టికెట్ మీద లోపలికి వెళ్ళాల్సిన సమయం రాసి ఉంటుంది కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, రద్దీ రోజుల్లో నేరుగా వెళ్తే గంటలు పోతాయి. మెట్రో యు3 లైన్‌లో బౌమ్‌వాల్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళేంత దూరమే. లోపలికి వెళ్ళాక అన్ని విభాగాలూ చుట్టెయ్యాలని చూడకండి. అది క్రూజ్ పద్ధతి, దాన్ని ఓడలోనే వదిలేసి రండి. నచ్చిన ఒక్క చోటు ఎంచుకుని, అక్కడ ఒక పూర్తి రోజు, అంటే పదిహేను నిమిషాలు, కదలకుండా నిలబడండి. పొద్దుగూకడం, దీపాలు వెలగడం, తెల్లవారడం అన్నీ ఒకే చోట నిలబడి చూడండి.

బయటికొచ్చాక ఓడకి పరిగెత్తే ముందు మాత్రం తలెత్తి ఆ గిడ్డంగుల నుదుటి మీద ఉన్న కప్పీల్ని చూడండి. వాటికి టికెట్ లేదు, బటన్ లేదు, నొక్కితే ఏమీ కదలదు. ఇవి నిష్పత్తి తగ్గించని అసలు కొలతవి. వాటి కింద ఊగిన బస్తాలో కాస్త మన వైపు మిరియాలు కూడా ఉండే ఉంటాయి.